ఔదర్: ఒక డచ్చి మాట, మన పెద్దలు

ఏ పాఠశాల ప్రవేశ పుస్తకాన్ని విప్పినా విద్యార్థి పేరు పక్కన మరొక గడి కనిపిస్తుంది. ఆ గడికి పైన రాసిన శీర్షిక కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. ఒకప్పుడు అది ‘తండ్రి పేరు’. తరువాత ‘తండ్రి లేక సంరక్షకుని పేరు’ అయింది. ఆ పిమ్మట ‘తల్లిదండ్రులు’ అన్నారు. కన్నడ కాగితాలలో అదే స్థానంలో ‘పోషకరు’ అని ఉంటుంది. శీర్షిక ఏదైనా ఆ గడిలో పడిన సంతకం, సంతకం రానివారి వేలిముద్ర, ఒకే సంగతిని చెబుతాయి: ఈ బిడ్డకు నేను ఉన్నాను.

ఈ బిడ్డకు ఉన్న ఆ మనిషిని ఏ పేరుతో పిలవాలి? చూడటానికి ఇది చిన్న ప్రశ్న. కాని డెబ్బై ఐదేండ్ల జీవితం గల పాఠశాలకు ఇది చిన్న ప్రశ్న కాదు. పిలిచే పేరును బట్టే పాఠశాల గడప దాటి లోపలికి వచ్చేవారెవరో, బయటే నిలిచిపోయేవారెవరో తేలుతుంది. ఈ విషయాన్ని ఆలోచించడానికి దూరదేశపు మాట ఒకటి చక్కగా ఉపకరిస్తుంది. అది డచ్చి భాషలోని ‘ఔదర్’. తల్లిని గాని తండ్రిని గాని తెలిపే పదమది. ఇద్దరినీ కలిపి చెప్పవలసినప్పుడు ‘ఔదర్స్’ అంటారు.

డచ్చివారు తెలుగు నేలకు పూర్తిగా అపరిచితులు కారు. 1602లో ఏర్పడిన వారి ఈస్టిండియా కంపెనీ నౌకలు 1605లో మచిలీపట్నం రేవును చేరాయి. నేడు తమిళనాడులో ఉన్న పులికాట్‌లో 1613 నాటికి వారికి ఒక కోట ఏర్పడింది. భీమునిపట్నంలో వారి సమాధులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. హాలండ్ అనే పేరు తెలుగువారి నోట ‘వలంద’గా మారి, మచిలీపట్నంలో వలందపాలెం అనే పేటకు పేరుగా మిగిలింది. ఆ కంపెనీ ఉద్యోగిగా గోల్కొండ రాజ్యంలో నివసించిన డేనియల్ హావార్ట్ అనే ఆయన కోరమాండల్ తీరంలోని తమ వర్తక స్థావరాల చరిత్రను 1693లో గ్రంథంగా ప్రకటించాడు. చివరకు 1825లో వారి స్థావరాలు ఆంగ్లేయుల పరమయ్యాయి. రెండు వందల ఏండ్లకు పైగా ఆ తీరంలో మెలగిన ఆ జనం తమ ఇళ్ళలో తల్లిదండ్రులను ఏమని పిలుచుకొన్నారన్నది తెలుగు పాఠకునికి ఆసక్తి కలిగించే విషయమే.

‘ఔదర్’ అంటే మొట్టమొదటి అర్థం ‘మరింత వయసు గలవాడు’ అని. డచ్చిలో ‘ఔద్’ అంటే ముసలి, పాత, వయసు మళ్ళిన అని అర్థం. దానికి తారతమ్యాన్ని సూచించే ప్రత్యయం చేరితే ‘ఔదర్’ అవుతుంది. “అన్న నాకంటె పెద్ద” అని చెప్పవలసి వచ్చినా డచ్చి బాలుడు ఆ ‘ఔదర్’ అనే మాటనే వాడుతాడు. కనుక ఆ భాషలో తల్లిదండ్రులంటే ‘మనకంటె పెద్దవారు’. కన్నవారు అనే భావం ఆ పదంలో లేదు. స్త్రీ పురుష భేదమూ లేదు.

ఈ పదానికి అన్నదమ్ముల వంటి పదాలు పొరుగు భాషలలో ఉన్నాయి. ఇంగ్లీషులో ‘ఓల్డ్’, ‘ఎల్డర్’ అనేవీ, జర్మన్‌లో ‘ఆల్ట్’, ‘ఎల్టర్న్’ అనేవీ ఆ కుటుంబానికి చెందినవే. ఎల్టర్న్ అంటే జర్మన్‌లో తల్లిదండ్రులు. మరి డచ్చి మాటలో లకారం ఏమైంది? డచ్చిలో కొన్ని చోట్ల లకారం క్రమంగా ఉకారంగా మారిపోయింది. ఇంగ్లీషువారు ‘గోల్డ్’ అనే బంగారాన్ని డచ్చివారు ‘ఖౌద్’ అంటారు. ‘సాల్ట్’ అనే ఉప్పు వారికి ‘జౌత్’. అదే తీరున ‘ఓల్డ్’ వారి నోట ‘ఔద్’ అయింది. ప్రాచీన ఇంగ్లీషులో సైతం తల్లిదండ్రులను, పూర్వులను ‘పెద్దలు’ అనే అర్థం గల పదంతోనే పిలిచేవారు. ఫ్రెంచివారి ప్రాబల్యం పెరిగిన తరువాత లాటిన్ మూలం గల ‘పేరెంట్’ వచ్చి ఆ పాత మాటను తొలగించింది. పేరెంట్ అంటే కన్నవారు. ప్రసవించుట అనే అర్థం గల లాటిన్ ధాతువు నుండి అది పుట్టింది.

‘ఔద్’ అనే మాటను మరికొంత లోతుగా తవ్వితే ఇంకొక విశేషం బయటపడుతుంది. వయసు మళ్ళినవాడు అనే అర్థం దానికి మొదటి నుంచీ ఉన్నది కాదు. ‘పెరిగినవాడు’ అనేది దాని తొలి అర్థం. పెరుగుట, పోషించుట అనే అర్థాలు గల ఒక అతి ప్రాచీన ఇండో-యూరోపియన్ ధాతువు దీనికి మూలమని భాషావేత్తలు నిర్ధారించారు. ఆ ధాతువు నుండే లాటిన్‌లో పోషించుట అనే అర్థం గల ‘అలెరె’ అనే క్రియ వచ్చింది. పెరిగి పెద్దవాడైనవానిని ఇంగ్లీషులో ‘అడల్ట్’ అనడం కూడ ఆ మూలం వల్లనే. ఆ క్రియ నుండి పుట్టిన మరొక మాట పాఠశాలల వారికి సుపరిచితం. అది ‘అలుమ్నస్’. నేడు పూర్వ విద్యార్థి అనే అర్థంలో వాడుతున్న ఆ మాటకు అసలు అర్థం ‘పోషింపబడినవాడు’, అనగా పెంపుడు బిడ్డ. పోషించే తల్లి అనే అర్థంలో విద్యాలయాన్ని ‘అల్మా మేటర్’ అనడం కూడ ఇందుకే. ఈ విధంగా డచ్చివారి ‘పెద్దలు’, లాటిన్‌వారి ‘పూర్వ విద్యార్థి’ ఒకే వేరున మొలిచిన రెండు కొమ్మలు.

డచ్చి భాషలో ఈ మాటతో ఎన్నో సమాసాలు ఏర్పడ్డాయి. తాత అవ్వలు ‘ఖ్రోత్ ఔదర్స్’, అనగా గొప్ప పెద్దలు. పూర్వులు ‘వోర్ ఔదర్స్’, అనగా ముందటి పెద్దలు. అనాథ బిడ్డను ఇంట పెట్టుకొని సాకేవారు ‘ప్లేఖ్ ఔదర్స్’, అనగా సంరక్షించే పెద్దలు. బడిలో సాయంకాలం జరిగే తల్లిదండ్రుల సమావేశం ‘ఔదర్ ఆవొంద్’, అనగా పెద్దల సాయంకాలం. కన్నవారు అనే అర్థం గల మాట అయితే సాకినవారికి అంత సులువుగా అతకదు. పెద్దలు అనే మాట కనుక కన్నవారిని, పెంచినవారిని, తాతలను, ముత్తాతలను అందరినీ ఒకే గొడుగు కిందికి తీసుకొని వచ్చింది.

ఇప్పుడు దృష్టిని డచ్చి దేశం నుండి సండూరు కొండలకు మరల్చవలసి ఉన్నది. యశ్వంతనగర్ ఉన్న సండూరు తాలూకా పూర్వం ఘోర్పడే వంశస్థులు పాలించిన మరాఠా సంస్థానం. 1949లో ఆ సంస్థానం మద్రాసు రాష్ట్రంలో విలీనమైంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినపుడు పాత బళ్ళారి జిల్లా నుండి ఆలూరు, ఆదవాని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు చేరాయి. సండూరుతో సహా మిగిలిన భాగం నాటి మైసూరు రాష్ట్రానికి చేరింది. ఈ విధంగా పాలకులు మారారు, రాష్ట్రాల పేర్లు మారాయి. జనం మాత్రం తమ ఇంటి మాటలను విడిచిపెట్టలేదు. కన్నడం, తెలుగు, మరాఠీ, ఉర్దూ, లంబాడీల భాష ఒకే సంతలో వినిపించే ప్రాంతమిది.

ఆ సంస్థాన ప్రభువుల మరాఠీలో తండ్రికి ‘వడీల్’ అని పేరు. తల్లిదండ్రులను ‘ఆయీ వడీల్’ అంటారు. వడీల్ అంటే ‘పెద్దవాడు’ అని అర్థం. పెద్ద అనే అర్థం గల ‘వడ్డ’ అనే ప్రాకృత పదం నుండి అది వచ్చింది. పూర్వులను కూడ మరాఠీలో ఆ మాటతోనే చెబుతారు. డచ్చివారి ఔదర్‌కు, మరాఠీవారి వడీల్‌కు నడుమ ఎట్టి ఇచ్చిపుచ్చుకోలూ లేవు. అయినప్పటికీ రెండు జాతులు వేరు వేరు దారులలో నడచి ఒకే భావాన్ని చేరుకొన్నాయి.

తెలుగు సైతం ఆ దారిలో నడచినదే. బడిలో పిల్లవాడు తప్పు చేస్తే గురువు “రేపు మీ పెద్దవాళ్ళను పిలుచుకొని రా” అంటాడు. సంబంధం మాట్లాడేటప్పుడు “మా పెద్దలతో మాట్లాడండి” అంటారు. భాద్రపద బహుళ అమావాస్య తెలుగువారికి పెద్దల అమావాస్య. ఆనాడు గతించిన తల్లిదండ్రులను, తాత ముత్తాతలను తలచి ‘పెద్దలకు పెట్టుకోవడం’ ఆచారం. డచ్చివారి ఔదర్, వోర్ ఔదర్ రెండూ తెలుగులో ‘పెద్దలు’ అనే ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నాయన్నమాట. కన్నడిగులు ఈ అర్థంలోనే ‘హిరియరు’ అంటారు.

ఇక ఈ ‘పెద్ద’ అనే మాట పుట్టుక పరిశీలించదగినది. పెద్ద, పెను, పెరుగు, పెంచు, పెంపు అనేవన్నీ ఒక ద్రావిడ ధాతువు నుండి పుట్టిన తోబుట్టువులు. తమిళంలోని ‘పెరు’, కన్నడంలోని ‘హిరి’ కూడ ఆ వంశానివే. పకారం హకారంగా మారడం కన్నడంలో ప్రసిద్ధమైన మార్పు. కాబట్టి తెలుగులో పెద్ద అంటే మూలార్థాన్ని బట్టి పెరిగినవాడు. పెరిగినవాడే మరొకరిని పెంచగలడు. పెరుగుట, పెంచుట, పెద్ద అనే మూడు భావాలను ఇండో-యూరోపియన్ ధాతువు ఏ విధంగా కలిపి కట్టిందో, ద్రావిడ ధాతువు కూడ అదే విధంగా కలిపి కట్టింది. ఈ రెండు కుటుంబాలకు బంధుత్వం ఉన్నదని దీని అర్థం కాదు. బిడ్డను చేరదీసి పెద్ద చేయడమనే అనుభవం మనుషులందరికీ ఒక్కటే అనడానికి మాత్రం ఇది మంచి ఉదాహరణ.

కన్నవారు అనే భావంతో ఏర్పడిన మాటలకు కూడ కొదువ లేదు. తెలుగులో కన్నవారు, సంస్కృతంలో జననీ జనకులు, తమిళంలో ‘పెట్రోర్’, ఉర్దూవారు అరబ్బీ నుండి తెచ్చుకొన్న ‘వాలిదైన్’ ఆ కోవకు చెందినవే. ఇక సంస్కృతంలో ‘పితరౌ’ అనే పదం చిత్రమైనది. తండ్రి అనే అర్థం గల పదాన్నే ద్వివచనంలో వాడితే తల్లి కూడ అందులో చేరినట్లు లెక్క. దీనికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రం చెప్పాడు. తల్లి ఆ మాట లోపల ఉన్నది, పైకి కనిపించదు. ప్రవేశ పుస్తకాలలో ‘తండ్రి పేరు’ అనే గడి మాత్రమే ఉన్న రోజులను ఇది జ్ఞాపకం చేస్తుంది.

తెలుగులోని ‘తల్లిదండ్రులు’ ద్వంద్వ సమాసం. తండ్రిలోని తకారం దకారంగా మారడం గసడదవాదేశమని ఉన్నత తరగతి విద్యార్థులకు తెలుసు. ఈ సమాసంలో తల్లికి అగ్రస్థానం. కన్నడంలో ‘తందె తాయి’ అనడం పరిపాటి కనుక అక్కడ తండ్రిది ముందు పేరు. తండ్రి అనే మాటకు తమిళంలోని ‘తందై’ జ్ఞాతి పదం. ప్రాచీన తమిళంలో ‘ఎందై’ అంటే నా తండ్రి, ‘నుందై’ అంటే నీ తండ్రి, ‘తందై’ అంటే తన తండ్రి. కాలక్రమంలో ‘తన’ అనే భావం మరుగున పడి, తందై అంటే ఎవరి తండ్రి అయినా తండ్రే అయ్యాడు. బంధుత్వాన్ని తెలిపే మాటలు ఒకనాడు ఎవరి బంధువో చెప్పకుండ పలికేవి కావనడానికి ఇది నిదర్శనం. బంధువు అంటే ఎవరికో ఒకరికి బంధువు.

అమ్మ, అప్ప, అవ్వ వంటి మాటల సంగతి వేరు. పసిబిడ్డ పెదవులు కలిపి విడిచినంత మాత్రాన పుట్టే ధ్వనులవి. లోకంలోని అనేక భాషలలో ఇటువంటి మాటలు ఎందుకు పోలి ఉంటాయో రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త 1960లో వెలువడిన తన వ్యాసంలో వివరించాడు. ధ్వని సమానమైనా అర్థం సమానం కానక్కర లేదు. జార్జియా దేశస్థుల భాషలో ‘మామా’ అంటే తండ్రి. అంత దూరం పోనవసరం లేదు. ఉత్తర కర్ణాటకపు పల్లెలలో ‘అవ్వ’ అంటే తల్లి. రాయలసీమ తెలుగులో ‘అవ్వ’ అంటే తల్లికో తండ్రికో తల్లి. కన్నడ బిడ్డ ‘అప్ప’ అంటే తండ్రి. తెలుగు నిఘంటువులో ‘అప్ప’కు అక్క అనే అర్థం కూడ ఉన్నది. లంబాడీ తండాలలో తల్లి ‘యాడి’.

సరిహద్దు ప్రాంతపు పాఠశాలలలో పనిచేసిన ఉపాధ్యాయులకు ఇటువంటి సంఘటన ఒకటి అనుభవంలోకి రాకపోదు. సభకు తల్లిదండ్రులను పిలుచుకొని రమ్మన్న మరునాడు ఒక బాలిక బడికి రాదు. ఆ మరునాడు కారణమడిగితే తల వంచుకొని నిలబడుతుంది. మెల్లగా విచారిస్తే “అవ్వ ఉంది” అంటుంది. కొత్తగా వచ్చిన కన్నడ ఉపాధ్యాయుడు తల్లి ఉన్నదనుకొంటాడు. తెలుగు ఉపాధ్యాయురాలికి సంగతి తెలుస్తుంది. తల్లి గతించింది, తండ్రి పనికోసం దూరదేశం పోయినాడు, బిడ్డను సాకుతున్నది ముసలి అవ్వ. తల్లిదండ్రులు అనే మాట విని ఆ బిడ్డ తనను పిలవలేదనుకొన్నది. ఆ అవ్వ కూడ తనను పిలవలేదనే అనుకొన్నది. “మీ ఇంటి పెద్దవాళ్ళను పిలుచుకొని రా” అని ఉంటే ఆ ముసలామె మొదటి రోజే, ఉతికిన చీర కట్టుకొని, బడి ముందు వరుసలో కూర్చొని ఉండేది.

కన్నడ పాఠశాలలు వాడుతున్న ‘పోషకరు’ అనే మాటలోని ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది. ‘పోషకర సభె’ అంటే పోషించేవారి సభ. కన్నవారైనా కాకపోయినా బిడ్డకు అన్నం పెట్టి, బట్ట కట్టించి, పుస్తకం కొనిచ్చేవారెవరో వారే పోషకులు. డచ్చి మాట తన మూలంలో దాచుకొన్న అర్థాన్ని కన్నడ మాట పైకి స్పష్టంగా పలుకుతున్నది. తెలుగు మాధ్యమ పాఠశాలలు ఈ మాటను పొరుగు భాష నుండి అరువు తెచ్చుకోవలసిన పని లేదు. పోషకులు అనే సంస్కృత సమం తెలుగులో ఉండనే ఉన్నది. పెద్దలు అనే అచ్చ తెలుగు మాట అంతకంటె దగ్గరగా ఉన్నది.

న్యాయశాస్త్రం కూడ ఈ విషయంలో మెల్లమెల్లగా ముందుకు నడిచింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సహజ సంరక్షకునిగా తండ్రిని, ఆయన తరువాత తల్లిని పేర్కొన్నది. ‘తరువాత’ అంటే తండ్రి మరణానంతరం అని మాత్రమే అర్థం చేసుకోనక్కర లేదని, ఆయన బిడ్డ బాధ్యత వహించని స్థితిలో కూడ తల్లి సహజ సంరక్షకురాలు కాగలదని సుప్రీం కోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో తీర్పు చెప్పింది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 6 నుండి 14 ఏండ్ల వయసు గల బిడ్డకు విద్యావకాశం కల్పించడం తల్లిదండ్రుల, లేక సంరక్షకుని ప్రాథమిక విధి అని నిర్దేశించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కన్నవారితో పాటు సవతి తల్లిదండ్రులను, దత్తత తీసుకొన్నవారిని సమానంగా గుర్తించింది. బిడ్డ ఆలనాపాలనా చూస్తున్నవారిని సంరక్షకులుగా స్వీకరించింది. ఆ చట్టం ప్రకారం పాఠశాల నిర్వహణ సంఘంలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలై ఉండాలి. చట్టం తెరచిన ఈ తలుపు మాట ఎంపికలో మూసుకొనిపోరాదు.

పెద్దలు అనే మాటలో ఒక ప్రమాదం కూడ ఉన్నదని ఒప్పుకోవాలి. వయసును చూపి చెలాయించే పెద్దరికం వేరు, పెంచి సంపాదించుకొన్న పెద్దరికం వేరు. బిడ్డ చదువు మాన్పించి పనికి పంపేవారు, ఆడబిడ్డకు ఇంత చదువు చాలునని తేల్చేవారు కూడ తమను పెద్దలనే చెప్పుకొంటారు. అటువంటి వేళ ఆ మాట పుట్టుకను జ్ఞాపకం చేసుకోవడం మేలు. పెరిగినవారు, పెంచేవారు కనుకనే వారు పెద్దలు. పెంచడం మానివేసిన నాడు మిగిలేది వయసు మాత్రమే.

కన్నవారి స్థానాన్ని ఇది తగ్గించదు. తల్లిని, తండ్రిని, గురువును దైవసములుగా భావించమని చదువు ముగించి వెళ్ళే శిష్యునికి తైత్తిరీయోపనిషత్తు బోధించింది. ఆ వరుసలో తల్లిదండ్రుల వెంటనే గురువును నిలపడంలోని ఉద్దేశం గ్రహించదగినది. కన్నవారి చేతి నుండి బిడ్డను అందుకొని పెంచే పనిలో పాలుపంచుకొనే స్థలం పాఠశాల.

డెబ్బై ఐదేండ్లలో ఈ పాఠశాల గడప దాటి వెళ్ళిన విద్యార్థులలో అనేకులు నేడు తాతలు, అవ్వలు అయి ఉన్నారు. ఒకనాడు తమ పేరు పక్క గడిలో ఎవరో పెట్టిన వేలిముద్రతో లోపలికి వచ్చినవారు, నేడు మనుమల పేరు పక్కన తమ చేతితో సంతకం చేస్తున్నారు. పోషింపబడినవారు పోషకులైనారు. ప్లాటినం జూబిలీ సందర్భాన వారిని సగౌరవంగా ఆహ్వానించడం సంప్రదాయం. ఆ ఆహ్వానంతో పాటు ఒక చిన్న మార్పు కూడ ఈ సంవత్సరమే జరిగితే బాగుంటుంది. ఇక మీదట పాఠశాల పంపే ప్రతి సభా ప్రకటనపై ‘పెద్దలకు, పోషకులకు’ అని ఉండాలి. ఆ రెండు మాటలు చదివి వినిపించినప్పుడు ఏ బిడ్డా ఇంట్లో తన మనిషి లేరని తల దించుకోనక్కర లేదు. ఏ అవ్వా తనను పిలవలేదనుకొని ఇంటివద్ద ఉండిపోనక్కర లేదు.